సంస్థను ముంచబోయిన సౌందర్యం

చూసిన ప్రతివారూ ముచ్చటపడిన కారు అది. కాని మూడేళ్ళలో తయారైనవి 252 మాత్రమే. అమ్ముడైన ప్రతి కారూ దానిని తయారుచేసిన సంస్థను దివాలా వైపు ఒక అడుగు నెట్టింది.

1955 వేసవి. న్యూయార్కు నగరంలోని సుప్రసిద్ధమైన వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలులో ఒక కారును తొలిసారిగా ప్రజల ముందుంచారు. పొడవైన ముక్కు, పొట్టి తోక, నేలను ఆనుకొని సాగిపోతున్నట్లున్న శరీరం. ఇద్దరికే చోటు. గుడ్డతో చేసిన పైకప్పును మడిచివేస్తే తల పైన ఆకాశం తప్ప మరేమీ ఉండదు. ముందు చక్రాల వెనుక, రెండు ప్రక్కలా, చేప మొప్పలవలె గాలి పోయేందుకు చీలికలు. వాటి నడుమ నీలం, తెలుపు రంగుల గుండ్రని ముద్ర. జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ ముద్ర అది. కారు పేరు 507.

అదే వేసవిలో, ఆగస్టు 5న, జర్మనీలోనే వోల్ఫ్స్‌బుర్గ్‌లోని ఫోక్స్‌వాగన్ కార్ఖానా నుండి పదిలక్షలవ బీటిల్ కారు బయటకు వచ్చింది. ఒకటి సామాన్యుడి కారు, మరొకటి శ్రీమంతుడి కారు. మొదటిది అందవికారమని నవ్వినవారు కూడా దానిని కొన్నారు. రెండవదాన్ని అందరూ పొగిడారు; కొన్నవారు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది. ఆ పొగడ్తకూ, ఆ కొనుగోలుకూ మధ్య ఉన్న అంతరంలో ఒక మహా సంస్థ ఇంచుమించు మునిగిపోయింది.

గిన్నెలు చేసిన కార్ఖానా

బి.ఎం.డబ్ల్యు.కు కార్లకన్నా ముందు విమానాల ఇంజన్లతోనే పేరు వచ్చింది. 1923లో మోటారు సైకిళ్ళు, 1928లో ఐసెనాక్ పట్టణంలోని కార్ఖానాను కొన్న తరువాత కార్లు దాని ఉత్పత్తులలో చేరాయి. 1936లో వెలువడిన 328 అనే తేలికపాటి రోడ్‌స్టర్ పందెపు బాటలపై సంచలనం సృష్టించింది. 1940లో ఇటలీలో జరిగిన మిల్లె మిల్యా పందెంలో గెలిచింది ఆ జాతి కారే.

యుద్ధం ముగిసేసరికి ఆ వైభవంలో మిగిలింది జ్ఞాపకాలు మాత్రమే. కార్లు తయారుచేసే ఐసెనాక్ కార్ఖానా సోవియట్ ఆక్రమిత ప్రాంతంలో చిక్కుకుపోయింది. మ్యూనిక్ కార్ఖానా బాంబుల వర్షానికి శిథిలమయింది. మేటి విమానాలకు ప్రాణం పోసిన చేతులు కొంతకాలం వంటగిన్నెలు తయారుచేసి పొట్ట పోసుకున్నాయి. 1948లో మోటారు సైకిళ్ళ తయారీ మొదలయ్యాక గాని సంస్థ ఊపిరి పీల్చుకోలేదు.

ఆ దశలో ఏ వివేకవంతుడైనా చిన్న కారుతో మొదలుపెట్టి ఉండేవాడు. బి.ఎం.డబ్ల్యు. పెద్దలు అందుకు భిన్నమైన దారి తొక్కారు. 1951లో వారు ప్రజలకు చూపిన 501 విశాలమైన విలాసపు కారు. వంపులు తిరిగిన దాని ఆకారాన్ని చూసి, పాత చర్చీలలోని శిల్పాలను తలచుకొని, జర్మన్లు ముద్దుగా ‘బరోక్ దేవత’ అని పేరు పెట్టారు. వెల పదిహేను వేల మార్కులకు పైమాటే. బాంబులకు కూలిన ఇళ్ళను ఇటుక ఇటుకగా పేర్చుకుంటున్న దేశంలో అంత వెల పెట్టగలవారు ఎందరు? 1954లో 502 అనే కారులో అల్యూమినియంతో చేసిన ఎనిమిది సిలిండర్ల ఇంజను అమర్చారు. యుద్ధానంతర జర్మనీలో అటువంటి ఇంజను అదే మొదటిది. ఇంజను అద్భుతమే, కాని ఖాతాలోని అంకెలు మాత్రం దిగులు పుట్టిస్తూనే ఉన్నాయి.

సొంత దేశంలో కొనేవారు లేనప్పుడు చూపు సముద్రం దాటడం సహజం. సముద్రానికి ఆవల మాక్స్ హాఫ్‌మన్ ఉన్నాడు.

రుచి తెలిసిన వర్తకుడు

హాఫ్‌మన్ వియన్నాలో పుట్టినవాడు. నాజీల నీడ ఐరోపాను కమ్ముకుంటున్నప్పుడు దేశం విడిచి, 1941లో అమెరికా చేరాడు. యుద్ధకాలంలో కార్ల వ్యాపారానికి వీలులేక, లోహపు పూత పూసిన ప్లాస్టిక్ నగలు తయారుచేసి అమ్మి డబ్బు కూడబెట్టాడు. యుద్ధం ముగియగానే ఐరోపా కార్లను అమెరికాకు దిగుమతి చేసే వ్యాపారంలో అగ్రగణ్యుడయ్యాడు. న్యూయార్కు పార్క్ అవెన్యూలో అతని కార్ల ప్రదర్శనశాలను రూపొందించినవాడు సాక్షాత్తూ ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే విఖ్యాత వాస్తుశిల్పి.

హాఫ్‌మన్ అమ్మేవాడు మాత్రమే కాదు. ఏది అమ్ముడుపోతుందో తయారీదారులకు చెప్పి చేయించేవాడు. రెక్కలవలె పైకి లేచే తలుపులతో 1954లో లోకాన్ని ఆశ్చర్యపరచిన మెర్సిడిస్ బెంజ్ 300 ఎస్.ఎల్. వెనుక అతని ఒత్తిడి ఉంది. పోర్షే సంస్థ చవకగా విడుదల చేసిన స్పీడ్‌స్టర్ వెనుక కూడా ఉంది. అందుచేతనే అతడు మ్యూనిక్ వైపు తిరిగి మాట్లాడినప్పుడు బి.ఎం.డబ్ల్యు. యాజమాన్యం చెవి ఒగ్గి విన్నది.

అతడి వాదం సూటిగా ఉంది. అమెరికా విపణిలో ఒక వైపు బ్రిటిష్ ఎం.జి., ట్రయంఫ్ వంటి చవకరకం స్పోర్ట్స్ కార్లు ఉన్నాయి. మరొక వైపు ఖరీదైన 300 ఎస్.ఎల్. ఉన్నది. నడుమ ఖాళీ. అయిదు వేల డాలర్లకు ఒక అందమైన, శక్తిమంతమైన రోడ్‌స్టర్‌ను ఇవ్వగలిగితే ఏడాదికి అయిదు వేలు అమ్మవచ్చునని అతడి అంచనా. ఇంజను ఎలాగూ ఉన్నది. చట్రం, ఇతర భాగాలు వీలైనంత వరకు ఉన్నవాటి నుండే తీసుకోవచ్చు. కావలసిందల్లా ఒక రూపం.

కాగితం మీద ఈ లెక్కలో తప్పు కనబడదు. “ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న మన పెద్దలు కారు సంగతి ఎరుగరు గాని, ఎరిగి ఉంటే ఆ సామెతలో దానిని కూడా చేర్చి ఉండేవారు.

కౌంటు గారి గీతలు

చట్రం బాధ్యత ఫ్రిట్జ్ ఫీడ్లర్‌కు అప్పగించారు. యుద్ధానికి ముందు 328 రూపకల్పనలో చేయి ఉన్న ఇంజనీరు అతడు. శరీరానికి ఎర్నస్ట్ లూఫ్ గీసిన తొలి నమూనాలు హాఫ్‌మన్‌కు నచ్చలేదు. అతడు మరొక పేరు సూచించాడు: ఆల్బ్రెక్ట్ గెర్ట్స్.

గెర్ట్స్ జర్మన్ ప్రభువంశానికి చెందినవాడు, బిరుదు రీత్యా కౌంటు. అయినా 1936లో అమెరికాకు వలస వెళ్ళినప్పుడు కార్లు కడిగే పని కూడా చేశాడు. అక్కడే తన ఊహ ననుసరించి ఒక కారుకు కొత్త శరీరం తొడిగాడు. దానికి ‘పారగాన్’ అని పేరు పెట్టాడు. అమెరికను సైన్యంలో పనిచేసి తిరిగి వచ్చాక ఆ కారే అతనికి అదృష్టం తెచ్చింది. పారిశ్రామిక రూపశిల్పులలో నాడు మేటి అయిన రేమండ్ లోవీ దృష్టి దానిపై పడింది. లోవీ ప్రోత్సాహంతో గెర్ట్స్ ఆ రంగంలో ప్రవేశించి, 1950లలో సొంతంగా పని చేయసాగాడు.

1954 నవంబరులో బి.ఎం.డబ్ల్యు. అతనితో ఒప్పందం చేసుకున్నది. ఒకేసారి రెండు కార్లు గీయాలి: నలుగురికి చోటున్న 503, ఇద్దరికే చోటున్న 507. బి.ఎం.డబ్ల్యు. కార్లకు నిలువుగా జంట మూత్రపిండాల ఆకారంలో ఉండే ముందరి జాలీని గెర్ట్స్ 507లో అడ్డంగా సాగదీశాడు. దానితో కారు ముఖమే మారిపోయింది. చట్రాన్ని కుదించి, 503లో 2,835 మిల్లీమీటర్లుగా ఉన్న ముందు వెనుక చక్రాల నడిమి దూరాన్ని 2,480కి తగ్గించారు. ఒప్పందం కుదిరిన ఏడాది లోపలే ఆ రూపం వాల్డార్ఫ్ ఆస్టోరియాలో వెలిగింది. ఆ సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జర్మన్లు కూడా దానిని కన్నులారా చూశారు.

గీసినంత వేగంగా తయారుచేయడం సాధ్యం కాలేదు. కొనుగోలుదారుల కోసం ఉత్పత్తి ప్రారంభమయ్యేసరికి 1956 నవంబరు వచ్చింది.

సుత్తిదెబ్బల ఖరీదు

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదానికి వెళ్ళినవారు అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూసి ఉంటారు. నిజాము కోసం బార్కర్ అనే బండ్ల నిర్మాతలు ప్రత్యేకంగా దాని శరీరాన్ని చేశారు. చట్రం ఒకరిది, శరీరం మరొకరిది, ఖర్చు ప్రభువుది. ఆ పద్ధతిలో వెల ఎంతైందని అడిగేవారు ఉండరు. కాని ఏడాదికి వేల కార్లు అమ్మదలచిన కార్ఖానా ఆ పద్ధతిలో పనిచేస్తే ఏమవుతుంది? 507 విషయంలో ఇంచుమించు జరిగింది అదే.

కారు శరీరం దాదాపు అంతా అల్యూమినియం. పెద్ద పెద్ద అచ్చుయంత్రాలతో రేకును ఒక్క దెబ్బకు వంచితే కారు చవకగా వస్తుంది. కాని ఆ అచ్చులకు అయ్యే పెట్టుబడి లక్షల కార్లు అమ్మేవారికే గిట్టుబాటు. అందుచేత మ్యూనిక్‌లో నిపుణులైన పనివారు రేకులను చేతితో సాగగొట్టి ఆకృతి తెచ్చారు. మన కంచరి బిందెను మలిచినట్లు ప్రతి కారునూ మలిచారు. ఏ రెండు బిందెలూ అచ్చంగా ఒకటి కానట్లే ఏ రెండు కార్లూ అచ్చంగా ఒకటి కాలేదు. అదనంగా కొనుక్కునే గట్టి పైకప్పు ఏ కారుకు చేసినది ఆ కారుకే సరిపోయేది. పొరుగు కారుకు పెడితే కుదిరేది కాదు.

లోపాలు కూడా లేకపోలేదు. మొదటి 34 కార్లలో 110 లీటర్ల పెట్రోలు తొట్టిని సీట్ల వెనుక అమర్చారు. అది సామాను చోటును, మనుషుల చోటును కూడా మింగివేసింది. పైకప్పు వేసుకుంటే లోపల పెట్రోలు వాసన. తరువాతి కార్లలో 66 లీటర్ల తొట్టిని డిక్కీ అడుగుకు మార్చారు.

3,168 ఘన సెంటీమీటర్ల ఇంజను 150 అశ్వశక్తిని ఇచ్చేది. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగం. ఆనాటికి అది తక్కువేమీ కాదు. కాని మెర్సిడిస్ 300 ఎస్.ఎల్. శక్తి 215. వెల విషయానికి వస్తే అసలు చిక్కు అక్కడే ఉన్నది. జర్మనీలో 507 వెల 26,500 మార్కులని నిర్ణయించారు. తరువాత అది 29,950 అయింది. అమెరికాలో అయిదు వేల డాలర్లనుకున్నది మొదట తొమ్మిది వేలకు, చివరకు 10,500కు పెరిగింది.

వెల రెట్టింపయితే కొనేవారు సగమవుతారనుకోవడం పొరబాటు. కొనే వర్గమే మారిపోతుంది. అయిదు వేల డాలర్లు పెట్టగల వైద్యుడో న్యాయవాదో పది వేల మాట వినగానే తప్పుకున్నాడు. పది వేలు పెట్టగల కోటీశ్వరుడు అంతకంటే శక్తిమంతమైన, పందాలలో పేరు మోసిన మెర్సిడిస్ వైపు చూశాడు. హాఫ్‌మన్ చూసిన ఆ నడిమి ఖాళీ మాత్రం నిజమే. దానిని నింపింది కూడా మెర్సిడిసే. ఆ సంస్థ తక్కువ ధరకు అందించిన 190 ఎస్.ఎల్. 25,000కు పైగా అమ్ముడుపోయింది. లెక్క సరిగా వేసినవాడు హాఫ్‌మన్. ఫలితం దక్కింది పొరుగువాడికి.

ఎర్రరంగు వెనుక కథ

కొన్నవారు కొద్దిమందే అయినా వారు సామాన్యులు కారు. 1956లో 500 సి.సి. మోటారు సైకిలు పందాలలో ప్రపంచ విజేత అయిన ఆంగ్లేయుడు జాన్ సర్టీస్‌కు అతని జట్టు యజమాని కౌంట్ అగస్టా ఒక 507ను కానుకగా ఇచ్చాడు. సర్టీస్ తరువాత కార్ల పందాలలో కూడా ప్రపంచ విజేత అయ్యాడు. ఎన్నో కార్లు నడిపాడు. ఈ కారును మాత్రం 2017లో కన్నుమూసే వరకు తన వద్దనే ఉంచుకున్నాడు.

ఇంకొక యజమాని ఎల్విస్ ప్రెస్లీ. అమెరికను సైన్యంలో నిర్బంధ సేవకై 1958 అక్టోబరులో జర్మనీ చేరిన ఆ గాయకుడు, కొద్ది వారాలకే ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెల్లని 507ను కొన్నాడు. అంతకు ముందు అదే కారును హన్స్ స్టుక్ అనే ప్రసిద్ధ చోదకుడు పందాలలో నడిపాడు. కారు ఎక్కడ నిలిపినా అభిమానినులు దాని తెల్లని ఒంటిపై లిప్‌స్టిక్‌తో ప్రేమసందేశాలు రాసిపోయేవారట. వాటిని తుడిచి తుడిచి విసిగిన ఎల్విస్ కారుకు ఎర్రరంగు వేయించాడు.

పత్రికలకు ఇంతకన్నా రుచికరమైన వార్త ఏముంటుంది? కాని లిప్‌స్టిక్ రాతలు జమాఖర్చుల పుస్తకంలో జమ కావు. తయారైన ప్రతి 507 పైనా సంస్థకు నష్టమే. విలాసపు కార్లు నష్టం తెస్తుండగా, ఆ నష్టాన్ని కొంతవరకు మోసింది ఇసెట్టా అనే గుడ్డు ఆకారపు బుల్లి కారు. దాని తలుపు ముందువైపు తెరుచుకునేది. దానిని నడిపింది మోటారు సైకిలు ఇంజను. ఒకే సంస్థ ఒక చేత్తో చక్రవర్తుల కారును, మరొక చేత్తో గుమాస్తాల కారును తయారుచేస్తున్నది. నడుమ ఉన్న విశాలమైన మధ్యతరగతికి అమ్మడానికి దాని వద్ద ఏమీ లేదు. వ్యాధి మూలం అదే. 507 ఆ వ్యాధిని ముదరబెట్టింది.

1959 డిసెంబరు 9

1959 చివరకు 507 ఉత్పత్తి నిలిచిపోయింది. ఆ డిసెంబరు 9న మ్యూనిక్‌లో వాటాదారుల సభ జరిగింది. వేదికపై ఉన్న ప్రతిపాదన ఒక్కటే: సంస్థను ఆనవాయితీగా పోటీదారు అయిన డైమ్లర్ బెంజ్ చేతికి అప్పగించడం. మెర్సిడిస్‌ను ఓడించడానికి తలపెట్టిన కారు చివరకు సంస్థనే మెర్సిడిస్ యజమానుల గుమ్మంలోకి తెచ్చి నిలబెట్టింది.

పెద్ద బ్యాంకు అండ ఉన్న ఆ ప్రతిపాదన నెగ్గుతుందనే అందరూ అనుకున్నారు. కాని చిన్న చిన్న వాటాదారులు, సంస్థ కార్లు అమ్మే వ్యాపారులు ఎదురు తిరిగారు. వారి పక్షాన ఫ్రీడ్రిష్ మాటర్న్ అనే న్యాయవాది, ఎరిక్ నోల్డ్ అనే బొగ్గు వ్యాపారి గొంతు విప్పారు. 700 అనే కొత్త చిన్న కారును రూపొందించడానికి అయిన ఖర్చునంతా ఒకే ఏడాది పద్దులో రాసివేశారనీ, అందువల్ల నష్టం అసలుకంటె ఎక్కువగా కనబడుతున్నదనీ వారు ఆరోపించారు. ఆస్తి అప్పుల పట్టికపై పదవ వంతు ఓట్ల బలంతో అభ్యంతరం చెబితే సభను వాయిదా వేయక తప్పదు. ఆ పదవ వంతు సమకూరింది. సభ వాయిదా పడింది. అమ్మకం ఆగింది.

ఆ పోరాటాన్ని గమనిస్తున్నవారిలో హెర్బర్ట్ క్వాంట్ అనే పారిశ్రామికుడు ఉన్నాడు. బాల్యం నుండీ కంటి వ్యాధితో బాధపడిన అతనికి చూపు దాదాపు లేదు. రెండు సంస్థలలోనూ వాటాలున్న అతడు అమ్మకానికి విముఖుడేమీ కాదు. కాని సభలో కార్మికులూ, వ్యాపారులూ, చిన్న మదుపుదారులూ చూపిన పట్టుదల అతనిని కదిలించింది. సలహాదారులు వారించినా తన వాటా పెంచుకొని, సంస్థను స్వతంత్రంగా నిలబెట్టే భారాన్ని తలకెత్తుకున్నాడు. కోటీశ్వరుల కార్లను ప్రక్కన పెట్టి, 1961లో 1500 అనే మధ్యతరహా కారును బి.ఎం.డబ్ల్యు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రదర్శించింది. పదేళ్ళుగా ఖాళీగా వదిలివేసిన చోటు అదే. అక్కడి నుండి సంస్థ మళ్ళీ వెనుదిరిగి చూడలేదు.

తెల్లని కారు తిరిగి వచ్చింది

ఓడిపోయిన కారును లోకం మరిచిపోవాలి. 507 విషయంలో అలా జరగలేదు. కార్ఖానాకు గుదిబండ అయిన చేతిపనే తరువాత వాటికి వెలలేని విలువ తెచ్చింది. 1999లో బి.ఎం.డబ్ల్యు. విడుదల చేసిన జెడ్ 8 అనే రోడ్‌స్టర్ ప్రక్కలనున్న మొప్పల మొదలు ముందరి జాలీ వరకు 507ను తలపింపజేసింది. ఆ కార్లు 2003 వరకు 5,703 తయారయ్యాయి. హాఫ్‌మన్ ఒక్క ఏడాదికి వేసిన అంచనాకు నాలుగేళ్ళు పట్టిందన్నమాట. సర్టీస్ కన్నుమూసిన మరుసటి ఏడు, 2018లో, అతని 507 వేలంలో 38 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

ఎల్విస్ కారు కథ ఇంకా చిత్రమైనది. 1960లో అది అమెరికా చేరి చేతులు మారింది. దాని ఇంజను తీసివేసి వేరే ఇంజను బిగించి పందాలలో పరుగెత్తించారు. చివరకు 1968లో కాలిఫోర్నియాకు చెందిన ఒక ఇంజనీరు దానిని కొన్నాడు. అది ఎవరి కారో ఆయన ఎరుగడు. ఎప్పటికైనా బాగుచేద్దామన్న ఆశతో గుమ్మడికాయలు నిలవచేసే గిడ్డంగిలో దాచి ఉంచాడు. దశాబ్దాలు గడిచాయి. చట్రం సంఖ్య ఆధారంగా అది ఎల్విస్ కారేనని తేలింది. తన జీవిత చరమ దశలో ఆయన దానిని మ్యూనిక్ పంపడానికి ఒప్పుకున్నాడు.

అక్కడి పనివారు రెండేళ్ళు శ్రమించారు. ఇంజనును పాత విడిభాగాల నుండి మళ్ళీ కట్టారు. దొరకని తలుపు పిడులను, అద్దాలు దించే పిడులను త్రీడీ ముద్రణ యంత్రాలతో తయారుచేశారు. ఒకనాడు సుత్తితో సాగగొట్టిన రేకులను ఈనాడు కంప్యూటరు కొలిచింది. కాని వాటిని సరిచేసింది మళ్ళీ చేతులే.

2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో ఆ కారును ప్రజలకు చూపారు. పైకప్పు మడిచి ఉంది. ఎర్రరంగు పోయింది. ఎల్విస్ మొదటిసారి చూసిన నాటి తెలుపే మళ్ళీ మెరిసింది. చుట్టూ మూగినవారు అరవై ఏళ్ళ క్రితం వాల్డార్ఫ్ ఆస్టోరియాలో మూగినవారి వలెనే దాని చుట్టూ తిరిగి తిరిగి చూశారు. ఈసారి వారిలో ఎవరూ వెల అడగనక్కర లేకపోయింది.